వెనకబండి మీ డిక్కీకి ఎందుకు అంటుకుని వస్తుంది, అప్పుడు మీరేం చేయాలి

విశాఖపట్నంలో మద్దిలపాలెం, మధురవాడ మధ్య రోజూ కారులో తిరిగే ఒకరి ప్రశ్న: "యాభై, అరవై మధ్య వెళ్తుంటాను. అద్దంలో చూస్తే ఎవరో ఒకరు నా డిక్కీకి ఆనుకునే వస్తుంటారు. హారన్ ఒకటి, డిప్పర్ ఒకటి. వీళ్ళకెందుకంత తొందర? ఒకసారి గట్టిగా బ్రేకు కొట్టి బెదరగొడితే దారికొస్తారా?"

రెండోదానికి ముందు జవాబు చెప్తాను: కొట్టకండి. ఎందుకో కింద లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

ఇక తొందర సంగతి. తొందర, పొగరు రెండూ ఉన్నాయి, కాదనను. అయితే మీ వెనక వస్తున్నవాళ్ళలో చాలామందికి తాము మరీ దగ్గరగా ఉన్నామన్న సంగతే తెలీదు. ఆ దూరం వాళ్ళకి చాలినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఇన్నేళ్ళుగా అంతే దూరంలో నడిపినా ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడానికి కారణం వాళ్ళ నేర్పు కాదు, ముందున్నవాళ్ళు వేసే బ్రేకులు చాలావరకు మెత్తనివి కావడం.

గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు 16.7 మీటర్లు. వెనకబండి మీకు 8 మీటర్ల దూరంలో ఉందనుకోండి, రెండు చిన్న కార్లు పట్టేంత చోటు. కాలంలో చెప్తే అర సెకను కూడా లేదు. సిగ్నల్ దగ్గర పడుతోందని మీరు మెత్తగా బ్రేకు వేస్తే వేగం సెకనుకు ఏడు కి.మీ. చొప్పున తగ్గుతుంది. వెనకాయన ఒక సెకను ఆలస్యంగా తేరుకున్నా ఆ సెకనులో తగ్గే దూరం ఒక్క మీటరే. తర్వాత ఆయన కాస్త గట్టిగా నొక్కుతాడు, సర్దుకుంటుంది. రోజుకి వందసార్లు ఇలాగే సర్దుకుంటే 8 మీటర్లు చాలన్న నమ్మకం గట్టిపడిపోతుంది.

అదే 8 మీటర్లలో, ఈసారి చెయ్యి ఎత్తిన ప్యాసింజర్ కోసం షేర్ ఆటో మీ ముందు అడ్డంగా తిరిగి ఆగింది. మీరు బ్రేకు పూర్తిగా తొక్కారు. పొడి రోడ్డు మీద, టైర్లు బాగున్న కారు వేగం సెకనుకు దాదాపు 25 కి.మీ. చొప్పున పడిపోతుంది. వెనకాయన కాలు బ్రేకు మీదకి రావడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఇది కళ్ళు రోడ్డు మీదే ఉన్నవాడి లెక్క, ఫోన్ చూస్తున్నవాడిది కాదు. ఆ సెకను గడిచేసరికి మీరు 35లో ఉన్నారు, ఆయన ఇంకా 60లోనే ఉన్నాడు, మధ్యలో నాలుగున్నర మీటర్లు మిగిలాయి. అక్కడి నుంచి మీ అంత గట్టిగా ఆయనా బ్రేకు వేసినా ఇద్దరి వేగం ఒకే తీరున తగ్గుతుంది కాబట్టి మధ్య తేడా 25 అలాగే ఉంటుంది. ముప్పావు సెకను లోపే ఆ తేడాతో వచ్చి మీ డిక్కీలో దిగుతాడు. అదే మొదట్లో దూరం 20 మీటర్లు ఉండుంటే, ఇద్దరూ ఆగాక మధ్యలో మూడు మీటర్లు మిగిలేవి.

బెదరగొట్టడానికి మీరు కొట్టే బ్రేకు ఈ రెండో రకం బ్రేకే. వెనక ఉన్నది లారీ అయితే సంగతి ఇంకా కష్టం. గాలి బ్రేకుల్లో పెడల్ తొక్కాక గాలి గొట్టాల్లోంచి వెళ్ళి చక్రాల దగ్గర ఒత్తిడి పెరగడానికే సుమారు అర సెకను పోతుంది, లోడు మీద ఉంటే ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. లారీ డ్రైవర్‌కి బుద్ధొచ్చేలోపు మీ వెనక సీటు ముందుకొచ్చేస్తుంది.

దూరాన్ని కన్ను పట్టుకోలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ముందు బండి దగ్గరవుతోందని మనకి తెలిసేది, అది కంటికి పెద్దదవడాన్ని బట్టి. 1.7 మీటర్ల వెడల్పున్న కారు 40 మీటర్ల దూరంలో కంటికి సుమారు రెండున్నర డిగ్రీల మేర కనిపిస్తుంది. 30 మీటర్లకి వచ్చినా మూడుంపావు డిగ్రీలే, తేడా తెలియనే తెలియదు. 20 నుంచి 10 మీటర్లకి వస్తే మాత్రం ఐదు డిగ్రీలు కాస్తా పది అవుతుంది, ఒక్కసారిగా మీద పడ్డట్టుంటుంది. ప్రమాదం అర్థమయ్యేది ఆఖరి కొద్ది మీటర్లలోనే. రాత్రిళ్ళు రెండు ఎర్ర లైట్లు తప్ప ఇంకేమీ కనిపించదు కాబట్టి మరీ అన్యాయం. ఒక లైటు పోయిన లారీ అయితే అది బైకో, లారీయో తేల్చుకునేలోపే దగ్గరికొచ్చేస్తాం.

పెద్ద ఎస్‌యూవీల్లో కూర్చున్నవాళ్ళకి ఇంకో భ్రమ. సీటు ఎత్తుగా ఉంటే రోడ్డు మెల్లగా కదులుతున్నట్టు అనిపిస్తుంది, ఉన్న వేగం కంటే తక్కువలో వెళ్తున్నామనుకుంటారు. పైగా మీ కారు మీదుగా అవతలి బండి కనిపిస్తుంది కాబట్టి "ముందు ఏం జరుగుతోందో నాకు తెలుసు" అన్న ధీమా. ఆ ధీమాలో సగం నిజం ఉంది. కానీ మీ కారు ముందుకి కుక్క అడ్డొస్తే ఆ ఎత్తు నుంచి అది కనిపించదు.

ఖాళీ వదిలితే ఎవడో దూరిపోతాడన్నది మన ఊళ్ళో అందరూ చెప్పే మాట. దూరతాడు, అబద్ధం కాదు. గురుద్వారా జంక్షన్ దగ్గరో ఎన్.ఏ.డీ. దగ్గరో రెండు మీటర్లు వదిలితే బైకు, నాలుగు వదిలితే ఆటో. దానివల్ల పోయేదెంతో ఎవరూ లెక్క వేయరు. ఒక బండి మీ ముందు దూరితే మళ్ళీ దూరం సర్దుకోవడానికి మీకు పట్టేది రెండు సెకన్లు. మద్దిలపాలెం నుంచి మధురవాడ వెళ్ళేలోపు పదిహేను మంది దూరారనుకున్నా అర నిమిషం. హనుమంతవాక సిగ్నల్ ఒక్కటి ఎర్రగా పడితే అంతకంటే ఎక్కువే పోతుంది. మనసుకి మాత్రం అర నిమిషం పోయినట్టుండదు, ఎవరో మన వంతు లాక్కున్నట్టుంటుంది. రేషన్ షాపు లైన్లో అంటుకుని నిలబడే అలవాటే స్టీరింగ్ ముందూ కొనసాగుతుంది.

అంటుకుని నడిపితే ట్రాఫిక్ త్వరగా కదులుతుందన్న నమ్మకమూ ఉంది. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. 2008లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను ఒకే వేగంతో తిప్పారు. సిగ్నల్ లేదు, అడ్డు లేదు. కాసేపటికే ఎవరో ఒకరు కొద్దిగా బ్రేకు వేయడం, వెనకాయన ఇంకొంచెం ఎక్కువ వేయడం, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోవడం, ఆ ఆగే అల వలయంలో వెనక్కి ప్రయాణించడం మొదలైంది. గాజువాకలో అడ్డం ఏమీ లేకుండానే ఆగుతూ కదులుతూ వెళ్ళే వరసల్లో కొన్ని ఇలా పుట్టినవే. ముందు ఖాళీ ఉన్న బండి ఆ బ్రేకుని మింగేస్తుంది, ఖాళీ లేనిది పెంచి వెనక్కి పంపిస్తుంది.

నిజంగా తొందరలో ఉండేవాళ్ళ సంగతికొస్తే, షిఫ్టు మారే వేళ కూర్మన్నపాలెం, గాజువాక వైపు చూడండి. గేటులో హాజరు పడాల్సినవాళ్ళు, వాళ్ళని మోసే కంపెనీ బస్సులు, పరవాడ ఫార్మా వైపు వెళ్ళే వ్యాన్లు. ట్రిప్పుల లెక్కన డబ్బులొచ్చే క్యాబ్‌లు కూడా ఇదే కోవ. వీళ్ళలో చాలామంది మీ మీద కోపంతో రావడం లేదు, మీరు వాళ్ళ గడియారానికి అడ్డుగా ఉన్నారు, అంతే. కోపంతో వచ్చేవాళ్ళు వేరు. డిప్పర్ ఆపకుండా కొట్టడం, కుడికీ ఎడమకీ ఊగడం, మీరు లేన్ మారితే తనూ మారడం, ఇవి మూడూ కలిస్తే అది కోపమే. దానికి చేయాల్సిందీ వేరే, కింద రాస్తాను.

ఇంకో కారణం చెప్తే మీకు నచ్చకపోవచ్చు. మీరు యాభైలో వెళ్తున్నది ఏ లేన్లో? డివైడర్ పక్కన కుడి లేన్లో యాభైలో వెళ్తూ, ఎడమ పక్క ఖాళీగా ఉన్నా జరగకపోతే, వెనకవాళ్ళు అంటుకోవడానికి సగం కారణం మీరే. హైవే మీద మన దగ్గర లారీలు కూడా కుడి లేన్ పట్టుకునే పోతాయి. దాంతో అందరికీ అదే పద్ధతి అనిపిస్తుంది. ఆటోలు, సర్వీస్ రోడ్డు నుంచి దూరే బైకులకి భయపడి కుడికి వెళ్తామన్నది అర్థం చేసుకోదగ్గ మాటే. అయినా నాలుగైదు వందల మీటర్లు ఎడమ ఖాళీగా కనిపిస్తే జరిగి దారివ్వండి, తర్వాత మళ్ళీ రావచ్చు.

ఇప్పుడు వెనక అంటుకున్నప్పుడు ఏం చేయాలో. వెనక దూరం మీ చేతిలో లేదు. మీ ముందు దూరం మీ చేతిలో ఉంది. మామూలుగా ముందు బండికి రెండు సెకన్ల దూరం (అది దాటిన చోటుని మీరు రెండు సెకన్ల తర్వాత దాటేంత) ఉంచేవాళ్ళు వెనక ఒకడు అంటుకోగానే దాన్ని నాలుగు సెకన్లు చేయండి. అంటే 60లో సుమారు 65 మీటర్లు. అప్పుడు ముందు ఏం జరిగినా మీరు మెత్తగా, నిదానంగా ఆగగలరు. మీరు మెత్తగా ఆగితే వెనకాయన కూడా ఆగగలడు, పైన మొదటి లెక్కలో చూశారుగా. ఆయన తెలివితక్కువతనానికి సరిపడా చోటు మీ ముందు మీరే పెట్టుకోవాలన్నమాట. దూరం పెంచడానికి బ్రేకు వాడకండి, యాక్సిలరేటర్ మీంచి కాలు కొద్దిగా ఎత్తితే చాలు. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరితే దూరనివ్వండి, మళ్ళీ కాలు ఎత్తండి.

ఆగాల్సి వస్తుందని తెలియగానే, వేగం తగ్గకముందే, బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత వరకే రెండుసార్లు తాకించండి. లైటు మెరవడం చూసి వెనకాయన కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది, పైన లెక్కలో పోయిన ఆ ఒక్క సెకనులో కొంత ఆయనకి ముందే చేతికొస్తుంది. బ్రేకుకి ముందు అద్దంలోకి చూసే అలవాటు లేనివాళ్ళు ఇది చేయలేరు, కాబట్టి ముందు ఆ అలవాటు చేసుకోవాలి.

చేయకూడనివి: ఆయన్ని వదిలించుకోవడానికి వేగం పెంచడం, అలా చేస్తే అదే దూరంలో ఇంకా ఎక్కువ వేగంతో వస్తాడు. కదులుతూ నాలుగు ఇండికేటర్లూ వేసుకోవడం, దాంతో మీరు ఎటు తిరుగుతారో ఎవరికీ తెలీదు. కిటికీలోంచి చెయ్యి ఊపడం. రాత్రి హై బీమ్ కళ్ళలో కొడుతుంటే లోపలి అద్దం కింద చిన్న పుల్లలాంటిది ఉంటుంది, దాన్ని మీవైపు లాగితే వెలుగు తగ్గిపోతుంది. చాలామందికి అది ఎందుకుందో తెలీదు. కోపంతో వచ్చేవాడైతే ఎడమకి ఇండికేటర్ వేసి, పెట్రోలు బంకులోకో మనుషులున్న చోటికో నెమ్మదిగా తిప్పుకోండి. నిర్మానుష్యంగా ఉన్నచోట ఆగకండి.

సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుకి ఆనిన చోటు మీ బానెట్ మీదుగా కనిపించేలా ఆగండి. అది కనిపిస్తే వెనకనుంచి ఎవరైనా గుద్దినా మీరు ముందు బండికి తగిలే అవకాశం తగ్గుతుంది, ముందు బండి చెడిపోతే రివర్స్ అక్కర్లేకుండానే పక్కకి తప్పుకోవచ్చు. మీ వెనక ఒక బండి వచ్చి పూర్తిగా ఆగేదాకా బ్రేకు మీంచి కాలు తీయకండి, హ్యాండ్ బ్రేకు వేసినా సరే. హ్యాండ్ బ్రేకుకి బ్రేకు లైటు వెలగదు.

ఊళ్ళో కొన్ని చోట్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. హనుమంతవాక నుంచి కంబాలకొండ పక్కగా ఎండాడ వైపు ఎత్తుపల్లాలున్నాయి, దిగుడులో మీ వెనక లోడు లారీ వస్తుంటే కుడి లేన్ వదిలేయండి. తెలుగుతల్లి ఫ్లైఓవర్, ఎన్.ఏ.డీ. వంపుల మీద వంపు అవతల ఆగిన బండి కనిపించదు, అక్కడ రెండు సెకన్లు కూడా చాలవు. రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో ముందున్నది వేరే ఊరి నంబరు అయితే సముద్రం కనిపించగానే ఆగుతుందనే అనుకోండి. అనకాపల్లి, ఆనందపురం మధ్య ఆరు లేన్ల బైపాస్ మీద వేగం వందకి దగ్గర్లో ఉంటుంది, అక్కడ రెండు సెకన్లంటే 55 మీటర్లు, ఊరి కళ్ళకి అది మైదానంలా కనిపిస్తుంది.

అరకు నుంచి ఎస్.కోట వైపు ఘాట్ దిగేటప్పుడు అంటుకుని రావడం అన్నిటికంటే చెడ్డది. ముందు బండి వంపు వంపుకీ బ్రేకు వేస్తుంటుంది, దాన్ని అంటుకుని వస్తే మీరూ ప్రతిసారీ వేయాలి. ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది. బ్రేకు ఆయిల్ పాతదైతే ఇంకో ముప్పు: ఆ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, సముద్రపు ఊరిలో తేమకి లోటేముంది. నీరు చేరిన ఆయిల్ వేడికి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించాలి. ఘాట్ ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు, ముందు బండికి కనీసం నాలుగు సెకన్లు.

వాన పడితే పైన చెప్పిన దూరాలన్నీ రెట్టింపు. 60లో పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక ఆగడానికి 20 మీటర్లు పడితే, తడి రోడ్డు మీద మామూలు టైర్లతో 30 దాటుతుంది. తొలకరిలో మొదటి అరగంట మరీ జారుడు, ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము అప్పుడే తేలుతుంది. కాన్వెంట్ జంక్షన్, పోర్టు రోడ్డు వైపు బొగ్గు దుమ్ము కూడా దానికి తోడు. రాత్రంతా వానలో, బీచ్ గాలిలో నిలబెట్టిన కారు డిస్కుల మీద పొద్దుటికి సన్నని తుప్పు పొర వస్తుంది, వీధి దాటేలోపు రెండు మూడుసార్లు మెత్తగా బ్రేకు వేస్తే అది రాలిపోతుంది. టైరు గాడి లోతు 1.6 మి.మీ. దాకా చట్టం ఒప్పుకుంటుంది, వానాకాలానికి మాత్రం 3 మి.మీ. దగ్గరే మార్చేయడం మంచిది.

చట్టం సంగతి క్లుప్తంగా. ముందు బండి హఠాత్తుగా ఆగినా గుద్దకుండా ఉండేంత దూరం ఉంచాలన్నది 1989 రోడ్డు నియమాల్లోనే ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమావళిలోనూ ఆ బాధ్యత ఉంది. లారీ వెనక పది, పదిహేను అడుగుల దూరంలో వెళ్తూ గుద్దిన ఒక కారు కేసులో 2018లో సుప్రీంకోర్టు, అది చాలినంత దూరం కాదని, తప్పు కారు నడిపినాయనదేనని తేల్చింది. లారీ హఠాత్తుగా బ్రేకు వేసిందన్న వాదన నిలవలేదు. అలాగని వెనకవాడిదే ఎప్పుడూ తప్పని ధీమాగా ఉండకండి. మీ బ్రేకు లైట్లు వెలగకపోయినా, కారణం లేకుండా కావాలని బ్రేకు కొట్టారని కెమెరాలో దొరికినా, తప్పులో మీకూ వాటా వేస్తారు. ముందూ వెనకా రెండు కెమెరాలున్న డ్యాష్‌క్యామ్ ఇక్కడే పనికొస్తుంది. బ్రేకు లైట్లు మూడూ వెలుగుతున్నాయో లేదో చూడటానికి ఎవరి సాయం అక్కర్లేదు, రాత్రి గోడకి దగ్గరగా రివర్స్‌లో పెట్టి పెడల్ నొక్కి అద్దంలో చూడండి.

మీరు ముందు బండికి ఎంత దూరంలో ఉంటున్నారో కూడా ఒకసారి కొలుచుకోండి. డివైడర్ మీద దీపస్తంభం ఒకటి గుర్తు పెట్టుకుని, ముందు బండి వెనక భాగం దాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని మామూలు మాట వేగంతో అనుకోండి. పూర్తిగా అనేలోపు మీరు ఆ స్తంభం దాటేస్తే దగ్గరగా ఉన్నట్టే. మొదటిసారి కొలిచినప్పుడు "వెయ్యిన్నొకటి" కూడా పూర్తికాదు చాలామందికి. కారులో ముందు బండి దూరం చూసి తనంత తానే వేగం తగ్గించే క్రూయిజ్ కంట్రోల్ ఉంటే, దూరం సెట్టింగ్ అతి తక్కువ మీద పెట్టకండి, అడ్డంగా దూరే బైకుల్ని అది ఆలస్యంగా పట్టుకుంటుంది.

చివరిగా, ఎవరూ పట్టించుకోని హెడ్‌రెస్ట్. వెనకనుంచి గుద్దితే మెడ వెనక్కి విరిగినట్టు ఊగుతుంది, నెలల తరబడి వదలని మెడనొప్పి అక్కడే మొదలవుతుంది. హెడ్‌రెస్ట్ పైఅంచు మీ తల పైభాగం ఎత్తుకి రావాలి, తల వెనక భాగానికీ దానికీ మధ్య సందు నాలుగు వేళ్ళకి మించకూడదు. సీటు మరీ వెనక్కి వాల్చి కూర్చుంటే ఆ సందు జానెడు అవుతుంది. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చుంటే అక్కడిది కూడా పైకి లాగి, టక్‌మని పడేదాకా పెట్టండి.